బూర్గంపాడులో ఎదురెదురు అద్దాలు

ఈ కబురు నాకు మొదట తెచ్చింది గాజుల నాగలక్ష్మి. ములకలపల్లి వైపు అడవి ఊళ్లలో గాజులమ్ముకుంటూ అప్పుడప్పుడూ మా తిరుమలాయపాలెం వస్తుంది. నా చెయ్యి పట్టుకుని గాజు ఎక్కిస్తూ చెప్పింది.

“శాంతక్కా, మీ అమ్మ పుట్టింటోళ్లు ఇచ్చిన ఇత్తడి తోరణం ఉన్నది జూడు, గూడెం రామాలయంల? దాన్ని పాలిష్ మిషనుకు ఏస్తరంట. మీ చెల్లె పద్మ అడ్డం పడ్డది. లైటుతో కడుగుత, నాకియ్యుండ్రి అంటున్నదంట.”

“లైటుతోనా?”

“అవ్. నీళ్లు లేవు, చింతపండు లేదు, ఉత్త లైటు. ఊరోళ్లు నవ్వుతున్రు. చెయ్యి బిగబట్టకక్కా, గాజు పగుల్తది.”

పద్మ మా పిన్ని కూతురు. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో కొన్నేళ్లు లేజర్ మిషన్లు బాగుచేసే పని చేసి, ఇప్పుడు బూర్గంపాడులో ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని సొంతంగా పని పెట్టుకుంది. నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఎక్కువగా ఉండేది, అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. అక్షరాల కంటే ముందు ఆవిడ నేర్పింది ఒకటుంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే ముందు, అది మన దాకా రావడానికి చెయ్యి వేసినవాళ్లను ఒక్కసారి తలుచుకోవాలి. ఆ అలవాటు ఇంకా ఉంది. ఇప్పుడు చెప్పబోయే ప్రయాణంలో తలుచుకోవాల్సినవాళ్లు ఎక్కువై చాలాసార్లు ముద్ద చల్లారిపోయింది.

తోరణం గురించి చెప్పాలి. దేవుడి వెనక విల్లులా వంగి ఉంటుంది. రెండు పాదాల దగ్గరా చేతిలో దీపం పట్టుకున్న ఆడబొమ్మలు, జానెడు కూడా ఉండవు. ఏటా కల్యాణానికి ముందు చింతపండూ ఇసకా వేసి తోమడం ఆ ఊరి ఆచారం. అలా తోమి తోమి కుడివైపు బొమ్మకు ముఖమే పోయింది. ముక్కు లేదు, కళ్లు లేవు, నున్నటి గుండు ఒకటి మిగిలింది. ఎడమవైపు బొమ్మ గోడ పక్కన ఉండడం వల్ల చెయ్యి సరిగా ఆనక బతికిపోయింది. ఆవిడ పెదవి మీద చిరునవ్వు ఉంటుందని అమ్మ చెప్పేది. ఇప్పుడు దాని మీద దీపాల మసి, నూనె జిడ్డు పెచ్చు కట్టి రాయిలా గట్టిపడింది. పాలిష్ మిషను తిరిగితే ఆ పెచ్చుతో పాటు ముఖం కూడా పోతుంది.

మర్నాడే బయల్దేరాను.

ఖమ్మం బస్టాండు దగ్గర

పొద్దున్నే ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు, చట్నీలో పల్లీల కంటే పచ్చిమిర్చి ఎక్కువ. మేము మిరప పండించేవాళ్లమే అయినా మా ఇంట్లో ఇంత కారం తినం. పక్కన కూర్చున్న ముసలాయన నా కళ్లలో నీళ్లు చూసి తన గ్లాసు ఇటు జరిపాడు.

“ఏడకు పోతున్నవమ్మా, భద్రాద్రా?”

“ముందు ములకలపల్లి, తర్వాత బూర్గంపాడు. భద్రాద్రి ఆఖర్న.”

“దేవుణ్ణి ఆఖర్న పెట్టినవా!”

“దేవుడి సామాను పని మీదే పోతున్నాను, తాతా.”

“అట్లయితే ఏం గాదులే, ఆయనే ఆగుతడు” అని నవ్వాడు. పేరు అడగడం మర్చిపోయాను. ఆ గ్లాసు నీళ్లకు ఆయనకు దండం.

ములకలపల్లి అవతల గూడెం

కొత్తగూడెం దాటాక గాలి మారుతుంది. మా వైపు రోడ్డు పక్కన కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతుంటాయి. ఇక్కడ వాకిళ్లలో ఇప్పపూలు ఆరుతున్నాయి, తేనె పులిసినట్టు ఒక వాసన. గూడెంలో ఎవరింటికి వెళ్లినా ముందు చెంబుతో నీళ్లిచ్చారు. తాగి చెంబు కింద పెట్టేదాకా ఎందుకొచ్చావని అడగలేదు. మా ఊళ్లో అయితే గేటు తీస్తూనే అడుగుతాం.

గుడి బాధ్యత చూసే పెద్దమనిషి ముత్తయ్య. అమ్మను ఎరిగినవాడు కాబట్టి నా మీద కోప్పడలేదు, అంతే.

“చెల్లె, నాకొక మాట చెప్పు. లైటుతోని మసి పోతదా? మా ఇంట్ల బల్బు రోజూ ఎలుగుతనే ఉన్నది, పొయ్యి గోడ నల్లగనే ఉన్నది.”

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. ఆడవాళ్లు వెనక నిలబడి తమ భాషలో ఏదో అనుకుని మళ్లీ నవ్వారు. నాకు అర్థం కాలేదు, నవ్వు మాత్రం నా మీదేనని తెలిసింది.

“నాకూ తెలియదన్నా. పద్మకు తెలుసు.”

“ఆ పిల్ల నెల నుంచి గదే చెప్తున్నది. రేపు, ఎల్లుండి అంటున్నది. కల్యాణం మీదికొచ్చె. సోమవారం పొద్దుగాల పాలిష్ ఆయన మిషనేసుకొని కొత్తగూడెం నుంచి వస్తడు. ఆదివారం దాంక మీకు ఇస్తున్న. తెల్లగ తెస్తిరా, మంచిది. నల్లగనే తెస్తిరా, ఇంక మీరు మాట్లాడొద్దు.”

ఒప్పుకున్నాను. తోరణం తీసేటప్పుడు వాళ్ల ఆచారం ఒకటి చూశాను. దేవుడి వస్తువు గడప దాటితే దాని చోటు ఖాళీగా ఉంచరు. ముత్తయ్య భార్య కొత్త గుడ్డలో బియ్యం మూటకట్టి తోరణం ఉండే చోట పెట్టింది. వస్తువు తిరిగొచ్చిన రోజు ఆ బియ్యమే వండుకుని అందరూ తింటారట. నన్ను ఉట్టి చేతుల్తో పంపకుండా ఇప్పపూల లడ్డూలు నాలుగు ఒళ్లో పెట్టింది. బెల్లం తక్కువ, నువ్వులు ఎక్కువ. అవి తింటూ, తోరణాన్ని ఆటోలో పసిబిడ్డలా పట్టుకుని కూర్చున్నాను.

బూర్గంపాడు, గురువారం సాయంత్రం

పద్మ షెడ్డు ఇంటిగలావిడ పేరు రాములమ్మ. డెబ్బై దాటి ఉంటాయి. రెండు కళ్లలో శుక్లాలు, ఎదుటి మనిషి నీడలా మాత్రమే కనబడతాడట. గొంతు పట్టి మనుషుల్ని గుర్తుపడుతుంది. తోరణం తెచ్చానని తెలియగానే చేతులు కడుక్కొచ్చి తడిమి చూసింది.

“ఈమెకు మొఖమేది బిడ్డా?” అంది కుడి బొమ్మ దగ్గర ఆగి.

“అరిగిపోయింది పెద్దమ్మా. రెండో ఆమెకు ఉంది, మసి కింద.”

“మసి కింద ఉన్నదని ఎట్ల తెలుసు?”

అమ్మ చెప్పిన మాట తప్ప నా దగ్గర సాక్ష్యం లేదు.

పద్మ మిషను చూపించింది. హైదరాబాదులో బంగారు గొలుసులు అతికే దుకాణంవాళ్లు వదిలించుకున్నదట. పొడవాటి ఇనుప పెట్టె, పైన క్లిప్పులు పెట్టిన మూత. లోపల చిటికెనవేలంత స్ఫటికపు కడ్డీ, లేత ఊదా రంగు. దాని పక్కనే టపటపా కొట్టుకునే దీపం ఒకటి. కడ్డీకి ఆ చివరొకటి, ఈ చివరొకటి, ఎదురెదురుగా అద్దాలు.

“ఈ రెండద్దాల ఇంటినే రెజొనేటర్ అంటారక్కా. దీపం కడ్డీకి శక్తినిస్తుంది. కడ్డీలో పుట్టిన వెలుగు వెనకద్దానికి తగిలి ముందద్దానికి, ముందద్దం నుంచి వెనకద్దానికి తిరుగుతూ ఉంటుంది. కడ్డీలోంచి దాటిన ప్రతిసారీ బలం పుంజుకుంటుంది. వెనకద్దం మొత్తం తిప్పి పంపేస్తుంది. ముందద్దం కొంచెం బయటికి వదులుతుంది. ఆ వదిలిందే మనకు పనికొచ్చే లేజర్.”

“మరి నెల నుంచి ఏమిటి ఆలస్యం?”

“బలం చాలట్లేదు. ఆ పెచ్చు ఊడాలంటే దెబ్బ గట్టిగా పడాలి. దీపం పెంచితే బలం పెరగాలి కదా? కొంతదాకా పెరిగి, తర్వాత తగ్గిపోయేది. ఎందుకంటే కడ్డీ వేడెక్కుతుంది. వేడెక్కిన కడ్డీ భూతద్దంలాగా వెలుగును లోపలికి వంచేస్తుంది. వంగిన వెలుగు దారి తప్పుతుంది, అద్దాల మధ్య నిలవదు.”

అందుకని పద్మ ఆ ఇల్లంతా మళ్లీ కట్టింది. వెనక చదునైన అద్దం తీసేసి, ఉబ్బెత్తుగా ఉన్నది చేయించి పెట్టింది. కడ్డీ లోపలికి ఎంత వంచుతుందో ఆ అద్దం బయటికి అంత విప్పుతుంది. అద్దాల మధ్య దూరం పెంచింది, వెలుగు కడ్డీ నడిమధ్యన సన్నగా పోకుండా నిండుగా పరుచుకుని పోవడానికి. అప్పుడు కడ్డీలో ఏ మూల ఉన్న శక్తీ వృథా కాదు.

“దీనికో చిక్కుందక్కా. చల్లగా ఉన్నప్పుడు ఇది వెలగదు. కడ్డీ వేడెక్కితేనే లెక్క సరిపోతుంది. ముందు కాసేపు ఉత్తగా కొట్టుకుంటుంది, చూసేవాళ్లు చెడిపోయిందనుకుంటారు.”

ఆ మాట నాకు నచ్చింది. తేలిక రోజుల కోసం కాకుండా కష్టం వచ్చే రోజును లెక్కలోకి తీసుకుని కట్టిన ఇల్లు. పద్మతో అనలేదు. అంటే, “నీకు అన్నిట్లో దేవుడే కనబడతాడు” అని వెక్కిరిస్తుంది.

శుక్రవారం

మిషను చల్లబరచడానికి డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని పద్మ పొద్దున్నే సారపాక వెళ్లింది. అసలు పరీక్ష మధ్యాహ్నం.

రాములమ్మ సాంబ్రాణి వేసుకుని వచ్చింది. ఆ ఇంట్లో ట్రాక్టరుకైనా, నీళ్ల మోటారుకైనా శుక్రవారం ధూపం పడాల్సిందే. మా ఇంట్లోనూ అంతే, కుట్టుమిషనుకు కూడా వేస్తాం. ఇద్దరం మిషను ముందు నిలబడ్డాం.

“మూత తియ్యి బిడ్డా.”

“తియ్యొచ్చా పెద్దమ్మా?”

“పద్మ ఉంటె తియ్యనియ్యదు. మూత పెట్టి ధూపమేస్తె, తలుపులేసిన గుడికి దండం పెట్టినట్టే గదా. ఇయ్యాల పెద్ద పని. మిషన్ల ఉన్న తల్లికి తెల్వద్దా?”

న్యాయంగానే తోచింది నాకు. క్లిప్పులు తీసింది నేనే. రాములమ్మ ధూపం గిన్నె మూడుసార్లు తిప్పింది. తెల్లటి పొగ పెట్టెలోకి దిగి, కడ్డీ చుట్టూ తిరిగి, మెల్లగా పైకి లేచింది. నేను కళ్లు మూసుకుని, ఆ ఎడమవైపు బొమ్మ ముఖం మాకు దక్కాలని మొక్కాను. మళ్లీ మూత పెట్టేశాం.

మధ్యాహ్నం పద్మ నాకో ముదురు కళ్లజోడు ఇచ్చింది. ఈ వెలుగు కంటికి కనబడదు, కన్ను మాత్రం పోతుందట. రాములమ్మను బయట అరుగు మీద కూర్చోబెట్టింది. మిషను పెట్టింది. కాసేపు ఉత్తగా కొట్టుకుంది, చెప్పినట్టే. తర్వాత కొలిచే మీటరు మీద అంకె లేచింది. పద్మ ముఖం వెలిగింది. దీపం కొంచెం పెంచింది. లోపల చిట్ అని ఒక చిన్న చప్పుడు. అంకె పడిపోయింది. ఇంకాస్త పెంచింది, ఇంకా పడిపోయింది.

మిషను ఆపి మూత తీసింది. టార్చిలైటు ఏటవాలుగా పట్టి అద్దాలను చూసింది. వాసన కూడా చూసిందనుకుంటాను.

“అక్కా, సాంబ్రాణి వేశారా?”

“వేశాం. మూత తీసింది నేనే.”

అరవలేదు. స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. అరిచి ఉంటే బాగుండును. గుమ్మం దగ్గర నుంచి రాములమ్మ అడిగింది:

“ఏందే? నా పొగేనా?”

“అవును పెద్దమ్మా.”

“ఏం మిషనే ఇది, దేవుని పొగకే దగ్గుతది! దేవుని పటాల అద్దాలకు ఎన్నేండ్ల సంది పొగబెడుతున్న, ఏమన్న అయిందా?”

“పటం అద్దంలోంచి చూపు ఒక్కసారే దాటుతది పెద్దమ్మా. ఇక్కడ వెలుగు ఆగకుండ తిరుగుతనే ఉంటది. గడప కాడ ఒకడు కూసొని, వచ్చినప్పుడల్లా పోయినప్పుడల్లా మన మూటలకెల్లి ఇంత తీసుకుంటుంటే ఏం మిగుల్తది? ఆ పొగ జిడ్డు గట్ల తీసుకుంటది. తీసుకున్న వేడికి అదే మాడి అద్దాన్ని కాల్చింది.”

రాములమ్మ తడుముకుంటూ వెళ్లి ధూపం గిన్నె తీసుకుని, బోర్లించి, షెడ్డు బయట వేపచెట్టు మొదట్లో పెట్టింది. ఆ రోజు అన్నం తినలేదు. నేనూ సరిగా తినలేకపోయాను.

భద్రాచలం, శనివారం ఉదయం

అద్దాలు తుడవడానికి స్వచ్ఛమైన ఆల్కహాలు కావాలంది పద్మ. గోదావరి వంతెన దాటి వెళ్లాను. ఎండాకాలం గోదారి ఇసుక మేటల మధ్య పాయలుగా పారుతోంది. కల్యాణం పందిళ్లు వేస్తున్నారు, కొబ్బరి మట్టల బండ్లు దారంతా. ముందు దర్శనం చేసుకున్నాను. ఆ వేళ ఏమీ కోరలేదు. నా మొక్కే మసి అయి అద్దానికి అంటుకుందన్న దిగులు. ఊరికే నిలబడ్డాను.

తర్వాత సర్జికల్ సామాన్ల దుకాణానికి వెళ్లాను. నుదుటి మీద తిరుచూర్ణం, చేతిలో ప్రసాదం పొట్లం.

“ఆల్కహాలు కావాలి బాబూ. అన్నిటికంటే స్వచ్ఛమైనది.”

కౌంటరు దగ్గరాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. “ఎవరికమ్మా?”

“అద్దానికి.”

“అద్దానికా!” పక్కన సూది కొనుక్కునే నర్సమ్మ ఫక్కుమంది. “ఇచ్చెయ్ అన్నా, అద్దం తాగితే మనకేంది!” సీసా నూట ఎనభై అయింది. ప్రసాదం వాళ్లిద్దరికీ పంచాను. ఆ నవ్వుతో నా దిగులు సగం గోదాట్లో కలిసింది. నర్సమ్మా, నీ చెయ్యి చల్లగుండాలి.

మళ్లీ షెడ్డులో

పద్మ మెత్తటి కాగితం మడతను ఆల్కహాలులో ముంచి, ఒక్కో అద్దాన్నీ ఒకే దిక్కుకు, ఒకే ఒక్కసారి లాగుతూ తుడిచింది. తుడిచిన కాగితం మళ్లీ వాడలేదు. పొగమంచు లాంటిది పోయింది. కానీ వెనకద్దం నడిమధ్యన ఆవగింజ కంటే చిన్న మచ్చ ఒకటి మిగిలిపోయింది. అలాంటి అద్దం రెండోది లేదు. చేయించాలంటే వారాలు.

“అయితే అయిపోయినట్టేనా?” అన్నాను.

పద్మ గోడకేసి చూస్తూ లెక్కలు వేసుకుంటోంది. లెక్క తేలాక అంది:

“ముందద్దాలు మూడు తెప్పించానక్కా. ఒకటి వెలుగును బాగా పిసినారిగా వదులుతుంది. ఒకటి మధ్యస్థం, ఇన్నాళ్లూ పెట్టింది అదే. మూడోది ధారాళంగా వదిలేస్తుంది. దాన్ని పెట్టలేదు. అంత వదిలేస్తే లోపల నిలబడేంత వెలుగు మిగలదేమో, అసలు రాజుకోదేమో అని భయం.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు లోపల మచ్చ ఉంది. వెలుగు లోపల ఎక్కువసార్లు తిరిగేకొద్దీ ఆ మచ్చ ఎక్కువ తింటుంది. జల్దీ బయటికి వదిలేస్తే మచ్చకు దొరికేది తక్కువ, మనకు అందేది ఎక్కువ. రాజుకోవాలంటే మాత్రం దీపం బాగా పెంచాలి. పెంచితే కడ్డీ వేడెక్కుతుంది.” ఆగి, నా వైపు తిరిగింది. “వేడెక్కితేనే కదా మన ఇల్లు కుదురుకునేది!”

మూడో అద్దం బిగించాం. రెండు అద్దాలూ ఎదురెదురుగా కచ్చితంగా నిలబడాలి. చిన్న లేజర్ టార్చితో ఒక ఎర్రచుక్కను పంపి, అది తగిలి తిరిగొచ్చి తన మీదే పడేదాకా మరలు తిప్పాలి. మర తిప్పే పని నాకిచ్చింది. “కొంచెం. ఇంకొంచెం. అబ్బ, వెనక్కి! నీ చెయ్యి గారెలు ఒత్తుతున్నట్టుంది అక్కా!” అని తిట్టింది. ఆ తిట్టు వినగానే ఊపిరి తిరిగింది నాకు. పోయిన పద్మ తిరిగొచ్చింది.

మిషను పెట్టింది. ఉత్తగా కొట్టుకుంది. కొట్టుకుంటూనే ఉంది. మీటరు కదల్లేదు. పద్మ దీపం పెంచింది. కదల్లేదు. ఇంకా పెంచింది. నేను పెదాలు కదిలించడం చూసి, “మొక్కుకో, మూత మాత్రం ముట్టుకోకు” అంది.

అంకె లేచింది. నిన్న పడిపోయిన చోటు దాటింది, దాటి ఇంకా పోయింది. పద్మ అరిచిన అరుపుకు బయట కోళ్లు లేచిపోయాయి.

తోరణం మీద వెలుగు పడుతుంటే చిటపటమని శబ్దం. మసి పొడిగా లేచింది. పొగ అద్దాల వైపు రాకుండా పద్మ వాక్యూమ్ గొట్టం దగ్గరగా పట్టుకుంది. కాలిన నువ్వుల నూనె వాసన వచ్చింది. ఎన్ని కార్తీకాల దీపాలో అవి, ఎవరెవరు ఏ కష్టంలో పెట్టినవో. నల్లటి మసి వెలుగును పీల్చుకుని ఎగిరిపోతుంది, కింద ఇత్తడి వెలుగును తిప్పికొట్టి తన పాటికి తాను ఉంటుంది. మొదట గడ్డం కనబడింది. తర్వాత పెదవి. అమ్మ అబద్ధం చెప్పలేదు.

మిషను ఆపాక రాములమ్మను లోపలికి పిలిచాం. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“నేను రాను. నా చీరెకు పొగ వాసన ఉంటది.”

పద్మ వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. “మూత పెట్టిన పెద్దమ్మా, ఏం కాదు. మొఖం జూడు.”

రాములమ్మ చూపుడువేలు బొమ్మ నుదుటి మీద పెట్టింది. మెల్లగా కిందికి జార్చింది. ముక్కు దగ్గర ఆగింది. పెదవి దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది.

“నవ్వుతున్నది గదే!”

తర్వాత కుడివైపు బొమ్మను తడిమింది, ముఖం లేనిదాన్ని. “ఈమె మొఖం మా అసువంటోళ్లమే తోమి తీసేసినం. భక్తితోనే తీసినం” అంది. ఎవరినీ ఉద్దేశించి అనలేదు.

గూడెం, ఆదివారం

ముత్తయ్య తోరణాన్ని ఎండలో పెట్టి అన్ని వైపులా తిప్పి చూశాడు. ఎడమవైపు బొమ్మ ముఖానికి తన ముఖం దగ్గరగా పెట్టాడు.

“యాభై ఏండ్ల సంది ఈ గుడికొస్తున్న. ఈమె నవ్వుతదని నాకు తెల్వదు.” సెల్లు తీసి పాలిష్ ఆయనకు రావద్దని చెప్పాడు. తర్వాత పద్మతో, “ఏమోయ్ బిడ్డా, మా పొయ్యి గోడకు ఏమన్న కొడతవా ఆ లైటు?” అన్నాడు. వెనకనున్న ఆడవాళ్లు మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు నా మీద కాదు.

మూటలోని బియ్యంతో బెల్లమన్నం వండారు. చింతపండు ఇకమీదట పులుసులోకే అని ముత్తయ్య భార్య అందరి ముందూ ప్రకటించింది. ముద్ద చేతిలో పట్టుకుని నేను తలుచుకోవాల్సినవాళ్లను తలుచుకుంటుంటే పద్మ మోచేత్తో పొడిచింది, “తిను అక్కా, చల్లారుతుంది.”

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. నిన్న పద్మ ఫోన్ చేసింది. రాములమ్మ శుక్రవారం శుక్రవారం ఇప్పటికీ ధూపం వేస్తుందట, వేపచెట్టు కింద నిలబడి, షెడ్డు వైపు తిరిగి. గాలి ఎటు వీస్తోందో ముందు పద్మను అడిగి మరీ వేస్తుందట. వచ్చే నెల ఖమ్మం దవాఖానాలో ఆవిడ కళ్లకు ఆపరేషను. తర్వాత ఎప్పుడైనా లోపల పొర కడితే ఇలాంటి వెలుగుతోనే తీసేస్తామని డాక్టరు చెప్పారట. “అయితే ఆ మిషనుకు పొగబెట్టొద్దని ముందుగాలనే చెప్పుండ్రి” అందట రాములమ్మ.

వేలితో చూసిన నవ్వును ఆవిడ కళ్లతో చూడాలి. ఇది చదివినవాళ్లు ఈ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు, మీరు ఏ దేవుడికి పెట్టినా సరే, బూర్గంపాడు రాములమ్మను ఒక్కసారి తలుచుకోండి.